పిల్లల కొలతకు, పిల్లల పేరుతో చేసంచి: ఇంట్లోనే ఎలా కుట్టాలి

నాలుగేళ్ల పిల్లకి సంచి కుడదామనుకోగానే చాలామంది ఇంట్లో ఉన్న కూరగాయల సంచిని ముందేసుకుని, దాన్నే కాస్త చిన్నది చేసి కత్తిరించేస్తారు. చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. పిల్ల చేతికిస్తే మాత్రం అడుగు నేలకు రాసుకుంటుంది, భుజాన వేస్తే పట్టీలు జారిపోతాయి, లోపల పెట్టిన డ్రాయింగు పుస్తకం మూలలు మడతపడతాయి. రెండో రోజు నుంచీ ఆ సంచి మోసేది అమ్మే. తనంతట తాను మోయగలగాలి, తెరవగలగాలి, నలుగురి సంచుల మధ్య తనదేదో గుర్తుపట్టగలగాలి. ఈ మూడూ కుదిరితేనే అది పిల్ల సంచి. కింద చెప్పిన కొలతలూ పద్ధతీ ఈ లెక్కతోనే పెట్టుకున్నవి.

ఇది బడి బ్యాగుకి బదులు కాదని ముందే అనుకుందాం. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం ఒకటో తరగతికి ముందు పిల్లలకు అసలు బ్యాగే ఉండకూడదు, ఆపై తరగతుల్లో పిల్లల బరువులో పదో వంతు మించకూడదు. మనం కుట్టేది ఒక బొమ్మల పుస్తకం, రంగుల డబ్బా, చేతిరుమాలు పట్టే సంచి. ఊరెళ్లేటప్పుడు, డ్రాయింగు క్లాసుకో లైబ్రరీకో వెళ్లేటప్పుడు పిల్లలు తమ వస్తువులు తామే పట్టుకునేందుకు.

టేపు ముందు పిల్లకి, తర్వాత బట్టకి

పిల్లని చెప్పులతో నిలబెట్టి, చెయ్యి కిందికి వదలమనండి. పిడికిలి నుంచి నేల దాకా ఎంతుందో కొలవండి. నాలుగేళ్ల పిల్లలకు ఇది దాదాపు 16 ఇంచులు ఉంటుంది. సంచి ఎత్తు, పైన పట్టీ వేలాడే పొడవు, రెండూ కలిపినా ఈ కొలత కంటే కనీసం ఇంచున్నర తక్కువ ఉండాలి. అంటే 11 ఇంచుల ఎత్తు సంచికి పట్టీ మూడున్నర ఇంచుల కంటే ఎక్కువ లేవకూడదు.

అయిదారేళ్లు దాటి, సంచి భుజాన వేసుకుంటానని పేచీ పెట్టే పిల్లలైతే పట్టీ 7 ఇంచులు లేవాలి. చలికాలంలో స్వెట్టర్ మీద కూడా ఎక్కాలి కదా. మరి రెండు రకాలుగానూ పనికొచ్చేలా మధ్యలో ఒక కొలత తీసుకోవచ్చా అంటే, వద్దనే చెబుతాను. అయిదు ఇంచుల పట్టీ భుజానికి బిగుసుకుంటుంది, చేత్తో పట్టుకుంటే నేలకు తగులుతుంది. చేతికా భుజానికా తేల్చుకుని కుట్టండి. మెడకు అడ్డంగా వేసుకునే పొడవాటి ఒంటి పట్టీని మాత్రం నేను పెట్టను. జారుడుబల్ల మీదో మెట్ల కమ్మీకో తగులుకుంటే మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది.

ఇక సంచి కొలత. పిల్లల బొమ్మల పుస్తకాల్లో చాలావరకు ఏ4 సైజుకు మించవు. ఆ కాగితం సుమారు 8¼ ఇంచుల వెడల్పు, 11¾ ఇంచుల పొడవు. పూర్తయిన సంచి 12 ఇంచుల వెడల్పు, 11 ఇంచుల ఎత్తు ఉండి, అడుగున 2 ఇంచుల మందం ఉంటే పుస్తకం నిలువుగా దిగి, పైన కొద్దిగా కనిపిస్తుంది. అలా కనిపించడమే మంచిది. పిల్లలు దాని చివర పట్టుకుని లాగి తీసుకోగలరు.

బట్ట ఎంపిక

అర మీటరు గట్టి బట్ట, అర మీటరు పల్చటి లైనింగ్ బట్ట చాలు. పన్నా, అంటే బట్ట వెడల్పు, 36 ఇంచులున్నా సరిపోతుంది.

పైబట్టకి కాన్వాస్ సులువు. దానికి బకరం (బట్ట బిగువుగా నిలవడానికి వేసే లోపలి పొర) అక్కర్లేదు, ఆకారం దానంతట అదే నిలబడుతుంది. మరీ మందం కాన్వాస్ తెచ్చుకోకండి. పట్టీ దగ్గర మడతలు కలిసేసరికి ఇంటి మిషన్ మొరాయిస్తుంది. పాత జీన్స్ ప్యాంటు ఉంటే కాళ్ల భాగం భేషుగ్గా పనికొస్తుంది. పెద్దల ప్యాంటు కాలు వెడల్పుగా ఉంటే 13 ఇంచుల ముక్క అతుకు లేకుండానే వస్తుంది. పెడన అచ్చు కలంకారీ, పోచంపల్లి ఇక్కత్, మంగళగిరి నూలు బట్ట కూడా అందంగా ఉంటాయి గానీ అవి పల్చన. వాటి తిరగ వైపు ఇస్త్రీ పెడితే అంటుకునే బకరం వేయాలి, లేదా అడుగున ఇంకో నూలు పొర కలిపి కుట్టాలి. కలంకారీలో నెమళ్లు, చెట్లు, ఏనుగుల్లాంటి డిజైన్లకు పైకీ కిందకీ తేడా ఉంటుంది. ఆ బట్టని అడుగున మడిచి ఒకే ముక్కగా కుడితే వెనక వైపు నెమలి తలకిందులవుతుంది. అందుకే ఇక్కడ ముందూ వెనకా రెండు విడి ముక్కలుగానే చెబుతున్నాను.

లైనింగ్‌కి మెత్తబడిన పాత నూలు చీరను మించింది లేదు. అమ్మమ్మ చీరో నాయనమ్మ చీరో అయితే పిల్లకి చెప్పడానికి ఒక కథ కూడా ఉంటుంది. లేత రంగు ఎంచుకోండి. చీకటి సంచిలో పెన్సిల్ వెతకడం చిన్న చేతులకు కష్టం.

ఏ బట్టైనా కత్తిరించే ముందు నానబెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. కొత్త నూలు బట్టలో గంజి ఉంటుంది, తొలి ఉతుకులో కుదించుకుపోతుంది. ఉతక్కుండా కుడితే తర్వాత పైబట్ట ఒక రకంగా, లైనింగ్ ఒక రకంగా ముడుచుకుని సంచి మూతి వంకర పోతుంది. తడి బట్ట మీద తెల్ల గుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటుకుంటుంటే ఇంకోసారి ఉతకండి. ఉప్పునీళ్లలో వేస్తే రంగు నిలుస్తుందంటారు. నాకు దాని మీద గురి లేదు. పోయే రంగు ముందే పోవడం మేలు, లేకపోతే అది పిల్ల తెల్ల చొక్కా మీద తేలుతుంది.

మిగతా సరంజామా: 16 నంబరు సూది (పల్చటి బట్టకి 14), పాలిస్టర్ దారం, టేపు, సుద్ద, పదునైన కత్తెర, గుండుసూదులు, ఇస్త్రీపెట్టె, ఎంబ్రాయిడరీ రింగు, ఆరు పోగుల రంగు దారాలు. గుండుసూదులు ఎన్ని వాడుతున్నారో లెక్కపెట్టుకుని మొదలుపెట్టండి. పని అయ్యాక అన్నీ డబ్బాలోకి తిరిగొచ్చాయో లేదో చూసుకోవాలి. పిల్లల సంచిలో ఒక్క సూది మిగిలినా ప్రమాదమే.

కత్తిరింపు

పైబట్ట నుంచి 13 × 13 ఇంచుల ముక్కలు రెండు, లైనింగ్ నుంచి అదే కొలతలో రెండు తీసుకోండి. నాలుగు వైపులా అర ఇంచు కుట్టు మార్జిన్ ఇందులోనే ఉంది.

పట్టీలకు 4 ఇంచుల వెడల్పు ముక్కలు రెండు. చేతి పట్టీ అయితే పొడవు 10 ఇంచులు, భుజం పట్టీ అయితే 17. బట్ట నిలువు పోగు వెంబడే కత్తిరించాలి, అడ్డంగా కత్తిరిస్తే బరువుకి సాగుతుంది. అనుమానంగా ఉంటే అంత పొడవు నాడా ముక్క తీసుకుని, రెండు కొసలూ 4 ఇంచుల ఎడంగా పట్టుకుని పిల్ల చేతిలోనో భుజం మీదో వేసి చూడండి. కుట్టులోకి ఇంచున్నర పోతుందని గుర్తుంచుకోండి.

లోపలి జేబుకి 7 × 6 ఇంచుల లైనింగ్ ముక్క ఒకటి.

పేరు: అసలు పని ఇక్కడే

పేరు, బొమ్మ ఏదైనా సరే, సంచి కుట్టక ముందే, ముక్క చదునుగా ఉన్నప్పుడే కుట్టేయాలి. సంచి అయ్యాక రింగు బిగించడం నరకం.

ఏం కుట్టాలన్నది ముందు తేల్చుకోవాలి. మూడేళ్ల పిల్లకి అక్షరాలు రావు. తన పేరు ఎంత అందంగా కుట్టినా అది తనకు గీతల ముగ్గే. ఆ వయసుకి బొమ్మ కావాలి. తనకిష్టమైన కుక్కపిల్ల, లారీ, మామిడికాయ, ఏదైనా ఒక్కటే పెద్దగా. అక్షరాలు దిద్దే వయసుకి పేరులోని మొదటి అక్షరం పెద్దగా వేయండి. చదవడం మొదలుపెట్టాక పిలిచే పేరు మొత్తం.

ఇంకో మాట. బయటి వైపు ముద్దుపేరు వేయండి. బారసాలలో పెట్టిన పూర్తి పేరు, ఫోను నంబరు లోపల ఉండాలి. పేరు పెట్టి పిలిచిన కొత్తవాళ్లను తెలిసినవాళ్లే అనుకోవడం పిల్లల స్వభావం. రద్దీ బస్టాండులో పిల్ల పేరు అందరికీ కనిపించేలా సంచి మీద రాసిపెట్టడం నాకు నచ్చదు. ఇంటిపేరు, బడి పేరు అయితే బయట అసలే వద్దు.

అక్షరాలు ఎలా దింపుకోవాలో చూద్దాం. కాగితం మీద స్కెచ్ పెన్నుతో గుండ్రంగా, ఎడంగా మీరే రాసుకోవచ్చు. చేతిరాత మీద నమ్మకం లేకపోతే కంప్యూటర్‌లో లావాటి ఫాంట్‌తో టైపు చేసి ప్రింటు తీసుకోండి. ఉచితంగా దొరికే వాటిలో రామభద్ర ఫాంట్ గీత లావుగా ఉంటుంది కాబట్టి అంచులు స్పష్టంగా దిగుతాయి. అక్షరం ఎత్తు 2 ఇంచులు అనుకుంటే, వరస ఎత్తు అంతే అనుకోకండి. 'బుజ్జి'లో జ కింద జ ఒత్తు ఉంది, పైన గుడి ఉంది. ఒత్తుకి కింద ఇంకో ఇంచు కావాలి. ఇంగ్లీషు అక్షరాల డిజైన్ పుస్తకాల్లో చూపించే వరస కొలతలు తెలుగుకి చాలవు. ఒత్తు ఇరుకైతే పేరు చదవడానికి రాదు.

ఎక్కడ వేయాలి? ముక్క మధ్యలో కాదు. 13 ఇంచుల ముక్కలో పైన అర ఇంచు కుట్టులోకి పోతుంది, కింద అర ఇంచు కుట్టులోకీ ఇంకో ఇంచు అడుగులోకీ పోతుంది. కనిపించే భాగం మధ్య పై అంచు నుంచి 6 ఇంచుల దగ్గర వస్తుంది. అక్కడ కాకుండా ఇంకో అర ఇంచు పైకి, అంటే 5½ దగ్గర పేరు మధ్యభాగం ఉంచితే కంటికి ఇంపుగా ఉంటుంది. రెండు పక్కలా రెండేసి ఇంచులు ఖాళీ వదలండి, సంచి నిండితే ఆ భాగం పక్కలకు తిరిగిపోతుంది.

లేత రంగు బట్టైతే ప్రింటు కాగితాన్ని కిటికీ అద్దానికి అంటించి, పైన బట్ట పెట్టి పెన్సిల్‌తో సన్నగా దింపేయవచ్చు. ముదురు బట్టకి ఎంబ్రాయిడరీ దుకాణాల్లో దొరికే పసుపు లేదా తెల్ల కార్బన్ కాగితం వాడండి. రసీదు పుస్తకాల్లో పెట్టే నల్ల కార్బన్ మాత్రం వాడొద్దు, ఆ మరక వదలదు.

కుట్టు విషయానికొస్తే, తెలుగు అక్షరాలకు గొలుసు కుట్టు (చైన్ స్టిచ్) పుట్టినిల్లు లాంటిది. మన అక్షరాల్లో నిలువు గీతలు తక్కువ, వంపులు ఎక్కువ. గొలుసు కుట్టు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఆరు పోగుల దారంలో మూడు పోగులు విడదీసి తీసుకోండి. దారం మోచేతి పొడవు మించితే చిక్కుపడుతుంది. నిడుపు గీతల్లో కుట్టు కొంచెం పొడవున్నా ఫర్వాలేదు గానీ, మెలిక దగ్గర సగానికి తగ్గించాలి. లేకపోతే గుండ్రం కాస్తా కోణాలు కోణాలుగా వస్తుంది. చివరి గొలుసుని దాని తల మీదుగా చిన్న కుట్టు వేసి ఆపాలి, లేదంటే ఒక కొస లాగితే వరసంతా ఊడిపోతుంది. సన్నగా కావాలంటే కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్) వేసుకోండి.

బట్ట ముక్కలతో అక్షరాన్ని కత్తిరించి అతికించే పద్ధతి కూడా ఉంది. అది ఒక్క పెద్ద అక్షరానికే బాగుంటుంది, నాలుగైదు ఇంచుల ఎత్తులో. పూర్తి పేరుకి పెట్టుకుంటే చిక్కులొస్తాయి. బ, ర లాంటి అక్షరాల్లో లోపలి రంధ్రం కత్తిరించాలి, చిన్న సైజులో అది పూడుకుపోతుంది. ప, స, హ లాంటి వాటిలో తలకట్టు అక్షరానికి అంటుకుని ఉండదు. విడి ముక్కగా కత్తిరించాల్సి వస్తుంది, ఒత్తులూ అంతే. 'హర్ష' అని కుట్టాలంటే హ తలకట్టు ఒక ముక్క, ష ఒత్తు ఇంకో ముక్క. ఏది ఎక్కడుండాలో ముందు కార్బన్‌తో సంచి ముక్క మీద గీసుకోకపోతే తలకట్టు పక్కింటికి పోతుంది. ఇస్త్రీతో అంటుకునే రెండు వైపుల జిగురు కాగితం వాడేవాళ్లు దాని మీద అక్షరాన్ని తిరగేసి, అద్దంలో కనిపించినట్టు గీయాలి. సూటిగా గీస్తే అతికించాక అక్షరం తిరగబడుతుంది. ఆ కాగితం దొరక్కపోతే పిల్లల గ్లూ స్టిక్ పల్చగా పూసి నిలబెట్టి, అంచుల చుట్టూ కాజా కుట్టు వేయండి. మిషన్‌లో జిగ్‌జాగ్ ఉంటే దాన్ని దగ్గరదగ్గరగా పెట్టి కుట్టినా సరే. జిగురు ఉతుకులో పోతుంది, కుట్టు నిలుస్తుంది.

నన్నడిగితే అన్నిటికంటే మంచి అలంకారం పిల్ల గీసిన బొమ్మే. నాలుగైదు గీతలున్న బొమ్మ తీసుకోండి. కాళ్లు తల నుంచే మొలిచిన మనిషి, ఆరు కాళ్ల ఆవు, ఏదైనా. దాన్ని ఉన్నదున్నట్టు దింపి గొలుసు కుట్టు వేయండి. ఆవుకి రెండు కాళ్లు తీసేయకండి, కళ్లు సమంగా జరపకండి. దారం రంగులు కూడా పిల్లనే ఎంచుకోనివ్వండి. ఊదారంగు ఆవు కావాలంటే అలాగే కానివ్వండి.

అద్దాలు, పూసలు, మువ్వలు, చమ్కీలు వద్దు, ముఖ్యంగా మూడేళ్ల లోపు పిల్లలకు. నోట్లో పెట్టుకుంటారు. మూతికి గుండీ బదులు అయస్కాంతం బిళ్లలు పెట్టడం ఇప్పుడు ఫ్యాషనైంది, అవి ఊడి కడుపులోకి పోతే ఇంకా ప్రమాదం.

పట్టీలు

పట్టీ ముక్కని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి విప్పండి. మధ్యలో గీత పడుతుంది. రెండు పక్కల అంచులనూ ఆ గీత దాకా మడిచి ఇస్త్రీ చేసి, మళ్లీ మధ్యకు మడవండి. నాలుగు పొరల, ఇంచు వెడల్పు పట్టీ వస్తుంది. రెండు పక్కలా అంచుకి ఆనుకుని ఒక్కో కుట్టు. జీన్స్ గుడ్డతో నాలుగు పొరలు కష్టమైతే ఇంచు వెడల్పు నూలు నవారు కొనుక్కోండి. నైలాన్ నవారు చవకే గానీ చిన్న చేతులకు గరుకుగా తగులుతుంది. తప్పక అదే వాడితే కొసలను అగ్గిపుల్లతో కొద్దిగా కాల్చి పోగులు ఊడకుండా చేసుకోండి. ఆ పని పిల్లలు దగ్గర లేనప్పుడు చేయండి.

లోపలి జేబు, పేరు చీటీ

జేబు ముక్క పై అంచుని రెండుసార్లు మడిచి కుట్టండి, మిగతా మూడు అంచులను లోపలికి మడిచి ఇస్త్రీ చేయండి. ఒక లైనింగ్ ముక్క మంచి వైపున, పై అంచు నుంచి మూడు ఇంచుల కింద మధ్యలో పెట్టి మూడు వైపులా కుట్టేయండి. పిల్లలు జేబులోకి మొత్తం చెయ్యి దూర్చి లాగుతారు కాబట్టి, మూతి దగ్గర రెండు మూలల్లోనూ ముందుకీ వెనక్కీ మూడుసార్లు కుట్టాలి.

తెల్ల నాడా ముక్క మీద ఉతికినా పోని మార్కర్‌తో పూర్తి పేరు, అమ్మానాన్నల్లో ఒకరి ఫోను నంబరు రాసి జేబుకి పైన, పై అంచుకి అర ఇంచు కంటే కిందికి ఉండేలా చుట్టూ కుట్టండి. నంబరు మారితే చీటీ ఒక్కటీ విప్పి మార్చుకోవచ్చు.

మూతికి ఏదైనా కావాలనుకుంటే రెండు ఇంచుల వెల్‌క్రో ముక్కలు రెండు లైనింగ్ ముక్కలకూ ఎదురెదురుగా, పై అంచు నుంచి ఇంచున్నర కింద, మధ్యలో ఇప్పుడే కుట్టాలి. అలాంటప్పుడు చీటీని పక్కకి జరుపుకోండి. నా ఓటు మాత్రం మూత లేని సంచికే. మూడేళ్ల పిల్ల వెల్‌క్రో తెరవగలదు గానీ సరిగ్గా మూయలేదు. మూతికి లాగి ముడి వేసే తాడు పెట్టనే వద్దు.

సంచి కలపడం

మిషన్‌లో కుట్టు పొడవు ఇంచుకి తొమ్మిది పది కుట్లు పడేలా పెట్టుకుని, మిగిలిన ముక్కల మీద రెండు పొరలు కుట్టి చూడండి. అడుగున దారం ఉండలు కడుతుంటే పైదారం సరిగ్గా ఎక్కించారో లేదో ముందు చూడండి, టెన్షన్ మరను తర్వాత తిప్పుదురు గాని.

పైబట్ట ముక్కలు రెండింటి మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, పేరు తలకిందులు కాలేదని చూసుకుని, రెండు పక్కలా, అడుగునా అర ఇంచు మార్జిన్‌తో కుట్టండి. పై అంచు వదిలేయండి. అడుగు కుట్టు మీద ఇంకో వరస వేస్తే బరువుకి ఆగుతుంది.

ఇప్పుడు అడుగు మందం. కింది మూలని వేళ్లతో పట్టి, పక్క కుట్టు అడుగు కుట్టు మీద సరిగ్గా పడేలా చదును చేయండి. మూల త్రికోణంలా ముందుకొస్తుంది. దాని కొస నుంచి, కుట్టు వెంబడి ఒక ఇంచు లోపలికి కొలిచి, అక్కడ అడ్డంగా గీత గీయండి. ఆ గీత సరిగ్గా 2 ఇంచులు ఉండాలి. ఉంటే మీరు మూలను సరిగ్గా చదును చేసినట్టే. గీత మీద రెండుసార్లు కుట్టి, బయటికున్న త్రికోణాన్ని పావు ఇంచు వదిలి కత్తిరించేయండి. రెండో మూల కూడా అంతే.

లైనింగ్ కూడా ఇదే పద్ధతి, రెండు తేడాలతో. అడుగు కుట్టులో మధ్యన 4 ఇంచులు కుట్టకుండా వదిలేయాలి, సంచిని తిరగేసేది ఆ సందులోంచే. పక్క కుట్లు వేసేటప్పుడు మూతి దగ్గర అర ఇంచుతో మొదలుపెట్టి, అడుక్కి వచ్చేసరికి ముప్పావు ఇంచు లోపలికి వచ్చేలా కొద్దికొద్దిగా జరగండి. లైనింగ్ రవ్వంత చిన్నదైతే సంచి లోపల ముడతలు పడి ఉబ్బకుండా ఉంటుంది.

పైసంచిని మంచి వైపు బయటికి వచ్చేలా తిప్పండి. ఒక్కో వైపు పక్క కుట్టు నుంచి 3 ఇంచులు వదిలి పట్టీ బయటి అంచు రావాలి. పట్టీ కిందికి వేలాడుతూ, దాని కొస సంచి పై అంచు కంటే పావు ఇంచు పైకి పొడుచుకు ఉండాలి. మెలిక పడిందేమో చూడండి. రెండు పట్టీలూ ఒకే పొడవులో వేలాడుతున్నాయో లేదో కూడా చూసి, అంచుకి పావు ఇంచులో కుట్టి నిలబెట్టండి. ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. ఒకే పట్టీ ముందు నుంచి వెనక్కి వేస్తే సంచి మూతి మూసుకుపోతుంది.

లైనింగ్ సంచిని తిరగ వైపే బయటికి ఉంచి, పైసంచిని దాని లోపలికి దింపండి. రెండింటి మంచి వైపులూ ఇప్పుడు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పట్టీలు మధ్యలో దాక్కుని ఉంటాయి. పక్క కుట్లు కలిపి గుండుసూదులు పెట్టి, మూతి చుట్టూ అర ఇంచులో కుట్టండి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది చదును పళ్లెం ఉన్న కాలి మిషనే. చిన్న మూతిని దాని కింద తొడగడం కుదరదు. అందుకని సూదిని మూతి గుండ్రం లోపలికి దింపి, సంచి లోపలి వైపు పైకి కనిపించేలా పరిచి, కుట్టుతూ కొద్దికొద్దిగా తిప్పుకుంటూ పోవాలి. అడుగున ఇంకో పొర ఇరుక్కోలేదని ప్రతి రెండు ఇంచులకూ చెయ్యి పెట్టి చూసుకోండి. పట్టీ దగ్గరికి వచ్చేసరికి తొక్కడం ఆపి చేతి చక్రం తిప్పుతూ ఒక్కో కుట్టూ వేయండి. అక్కడే సూదులు విరిగేది. పట్టీల మీద మూడుసార్లు కుట్టు పడాలి.

అడుగు సందులోంచి సంచిని మొత్తం బయటికి లాగండి. మూలలను వేలితో తోయండి, కత్తెర మొనతో కాదు. సందు అంచులను లోపలికి మడిచి కుట్టేసి, లైనింగ్‌ని సంచిలోకి దింపి, మూతి చుట్టూ ఇస్త్రీ చేయండి. పేరు కుట్టిన చోట తువాలు మీద బోర్లా పరిచి వెనక నుంచి ఇస్త్రీ చేయాలి, లేకపోతే గొలుసు కుట్టు అణిగిపోతుంది. చివరగా మూతి చుట్టూ పావు ఇంచు కింద ఒక వరస పైకుట్టు వేస్తే లైనింగ్ బయటికి తొంగిచూడదు.

మిషన్ లేనివాళ్లు ఇదంతా చేత్తోనూ కుట్టవచ్చు. రెండు పోగుల దారంతో, ప్రతి కుట్టూ వెనక్కి వచ్చి ముందుకు వెళ్లే కుట్టు వేస్తే గట్టిగానే ఉంటుంది. టైం పడుతుంది, అంతే. ఇంకో దారి ఏమిటంటే, పేరూ బొమ్మా మీరు కుట్టుకుని, ముక్కలు కత్తిరించి, వీధిలో ఉన్న టైలర్‌కి ఇవ్వడం. జాకెట్లు కుట్టే ఎవరికైనా ఇది చిటికెలో పని. ఇచ్చేటప్పుడు పట్టీ పొడవు, అడుగు మందం కాగితం మీద రాసివ్వండి, లేదంటే అలవాటు కొద్దీ పెద్దవాళ్ల పొడవుతో కుట్టేస్తారు.

పిల్లకి ఇచ్చే ముందు

లీటరు నీళ్ల సీసాలు రెండు సంచిలో పెట్టి రాత్రంతా తలుపు గొళ్లేనికి తగిలించండి. అంటే 2 కిలోల బరువు. నాలుగేళ్ల పిల్ల మోయాల్సిన దానికంటే ఎక్కువే. పొద్దున పట్టీల మొదళ్లు చూడండి. కుట్టు దగ్గర బట్ట నోరు తెరుస్తుంటే పైకుట్టు కింద, పట్టీ వచ్చిన చోట, ఇంచు వెడల్పు చదరం కుట్టి లోపల ఇంటూ గుర్తులా అడ్డంగా రెండు కుట్లు వేయండి. లోపలా బయటా చెయ్యి పెట్టి తడిమి చూడండి. సూదుల లెక్క సరిచూసుకోండి.

తర్వాత పుస్తకం, రంగుల డబ్బా పిల్లనే సర్దుకోమని, గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించండి. పట్టీ పొడవైందనిపిస్తే పైకుట్టు, మూతి కుట్టు ఆ మేరకు విప్పి, పట్టీని లోపలికి లాగి మళ్లీ కుట్టడం పది నిమిషాల పని. పొట్టిదైతే మాత్రం కొత్త పట్టీ వేయాల్సిందే, కాబట్టి మొదట కాస్త ఉదారంగానే కత్తిరించండి.

ఉతికేటప్పుడు సంచిని తిరగేసి, చన్నీళ్లలో, మొదటి రెండుసార్లు విడిగా ఉతకండి. నీడన తలకిందులుగా ఆరేయండి, అడుగు మూలల్లో నీళ్లు నిలవవు. క్రేయాన్ మరక పడితే ముందు గోటితో గీకి, పైనా కిందా పాత న్యూస్‌పేపరు కాకుండా తెల్ల కాగితం పెట్టి వేడి ఇస్త్రీ చేస్తే మైనం కాగితానికి ఎక్కుతుంది. మిగిలిన రంగు సబ్బుతో చాలావరకు పోతుంది.